అమ్మ నొప్పి బిళ్ళ ఒక్కటే వేసుకుని మిగతా మందులు పక్కన పెట్టేస్తోంది, ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

మీ ప్రశ్న చదవగానే మా అత్తయ్య గుర్తొచ్చారు. మీ అమ్మగారికి 58 ఏళ్ళు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) అని నాలుగు నెలల క్రితం తేలింది. డాక్టరు ఆరు రకాల మందులు రాస్తే, ఆవిడ "ఇదొక్కటే పనిచేస్తోంది" అంటూ నొప్పి బిళ్ళ మాత్రం మింగి మిగతావి డబ్బాలో వదిలేస్తున్నారు. మధ్యలో ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఇదే కదా మీ టెన్షన్. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఇదే జబ్బున్న మనిషితో తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న కోడల్ని. మాది తెనాలి.

ముందు ఒక మాట. మీ అమ్మగారిది మొండితనం అనుకోకండి. వేసుకున్న గంటకి హాయిగా ఉంటే మంచి మందు, నెల వేసుకున్నా ఏమీ తెలియకపోతే దండగ మందు. ఇదీ ఆవిడ లెక్క. జ్వరానికీ తలనొప్పికీ ఇన్నేళ్ళూ ఆ లెక్కే సరిపోయింది. ఈ జబ్బుకి మాత్రం సరిపోదు. గంటలో పనిచేసే నొప్పి బిళ్ళ కీలు అరిగిపోకుండా ఆపలేదు. ఆపే శక్తి ఉన్న మెథోట్రెక్సేట్‌కి గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇదే జబ్బుకిచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇంకా నిదానం. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఎవరైనా నెలకే విసుగెత్తి మానేస్తారు.

మా ఇంట్లో అంతకంటే ఘోరం జరిగింది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. డాక్టరు చీటీ మీద ఆదివారం అని రాశారు కూడా. మేం ఎప్పుడూ కొనే మందుల షాపు ఆ రోజు మూసి ఉంటే ఇంకో షాపుకి వెళ్ళాను. అక్కడి అబ్బాయి గబగబా అన్ని కవర్ల మీదా "రాత్రి 1" అని రాసిచ్చాడు. నేనూ చూసుకోలేదు. పైగా మాకు వచ్చిన ఫోలిక్ యాసిడ్ బిళ్ళా ఈ బిళ్ళా రెండూ చిన్నవే, రెండూ పసుపు రంగే. అత్తయ్య వరసగా ఆరు రాత్రులు మెథోట్రెక్సేట్ వేసుకున్నారు.

నాలుగో రోజుకి నోరు పూసింది. నోరు పూస్తే మనం ఏమంటాం? వేడి చేసిందంటాం. నేనూ అదే అన్నాను. పల్చటి మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు ఇచ్చాను. "ఇంగ్లీషు మందులన్నీ వేడేనమ్మా" అని పక్కింటి పిన్నిగారు కూడా వంత పాడారు. ఏడో రోజుకి జ్వరం, గుటక కూడా పడట్లేదు. గుంటూరు తీసుకెళ్తే రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ (ఫోలిక్ యాసిడ్ కాదు, ఇది వేరు) ఇంజెక్షన్లు ఇచ్చి ఎనిమిది రోజులు ఉంచుకున్నారు. ఆ నోటిపూత వేడి కాదనీ, మందు మోతాదు మించిందని శరీరం చెప్తున్న మాటనీ అక్కడ తెలిసింది. అందుకే మీకు చెప్తున్నాను. ఈ మందు వాడేవాళ్ళకి నోరు పూసినా, గొంతు నొప్పితో జ్వరం వచ్చినా సబ్జా గింజల దాకా పోకుండా అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

బతికి బయటపడ్డారు గానీ, ఆ తర్వాత "ఆ పసుపు బిళ్ళ జోలికి పోను" అని భీష్మించుకున్నారు. సరిగ్గా ఇప్పుడు మీ అమ్మగారున్నచోటికి వచ్చి కూర్చున్నారన్నమాట. ఐదు నెలలు నొప్పి బిళ్ళలతో లాగించారు. బంగాళదుంప, వంకాయ, శనగపప్పు వాతం చేస్తాయని మానేశారు. మందు మానేసి వంకాయ మానేయడం వల్ల ఒరిగిందేమీ లేదు. కుడిచేతి చూపుడువేలు వంకర తిరిగింది. ఆ వేలు ఇప్పటికీ అలాగే ఉంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి సిస్టర్ ఒకావిడ ఒక పని చేసింది. మేమంతా ఎప్పుడూ "అర్థమైందా అత్తయ్యా?" అని అడిగేవాళ్ళం, ఆవిడ తలూపేవారు. ఆ సిస్టర్ అలా అడగలేదు. "అమ్మా, రేపు మీ చెల్లెలు వచ్చి ఏ బిళ్ళ ఎందుకక్కా అని అడిగితే ఏం చెప్తారో నాకు చెప్పండి" అంది. ఆరు మందుల్లో అత్తయ్య రెండింటికే సరిగ్గా చెప్పగలిగారు. ఫోలిక్ యాసిడ్ బలానికి అనుకుంటున్నారు (మెథోట్రెక్సేట్ చేసే ఇబ్బందులు తగ్గించడానికి ఇస్తారది). పరగడుపున వేసుకోవాల్సిన గ్యాస్ బిళ్ళని అన్నం తిన్నాక వేసుకుంటున్నారు. ఇరవై మంది చీటీ పాట లెక్కలు నోటికి చెప్పే మనిషి! తెలివి తక్కువై కాదు, మేమే సరిగ్గా చెప్పలేదు.

అప్పట్నుంచి మందులకి ఇంటి పేర్లు పెట్టుకున్నాం. అత్తయ్య గురువారం బాబా గుడికి వెళ్తారు కాబట్టి, డాక్టర్ని అడిగి ఆదివారాన్ని గురువారానికి మార్చుకున్నాం. గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక వేసుకునేది "గురువారం బిళ్ళ". దాని అట్ట మిగతా డబ్బాలో ఉండదు, నా బీరువాలో ఉంటుంది. ఆ ఒక్క రోజు ఎన్ని వేసుకోవాలో అన్నే బయటికి తీస్తాను. పొద్దున్నే వేసుకునేది "పరగడుపు బిళ్ళ". హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి 2020 తర్వాత "కరోనా బిళ్ళ" అని పేరు పడిపోయింది. ఆ నెలల్లో దాని కోసం నాలుగు ఊళ్ళు తిరిగాం, అదో కథ.

ఇక నిదానంగా పనిచేసే మందు ఎందుకు అన్నది వంటింట్లో తెగింది. పాలు పొంగుతున్నాయి, ఆవిడ నీళ్ళు చిలకరించారు, పొంగు తగ్గింది. "నొప్పి బిళ్ళ ఈ నీళ్ళత్తయ్యా, పొయ్యి తగ్గించేది గురువారం బిళ్ళ" అన్నాను. ఆవిడ కాసేపు చూసి "మరి ఆ పొయ్యి తగ్గడానికి మూడు నెలలా?" అన్నారు. అవునన్నాను. నవ్వారు గానీ మళ్ళీ వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ మూడు నెలలూ నమ్మకం నిలబడాలంటే కంటికేదో కనపడాలి. పదికి నొప్పి ఎంత అని అడిగితే ఆవిడ జవాబు రోజూ ఒకటే, "ఉందిలే". అందుకని అడగడం మానేసి క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని. లేచాక పిడికిలి బిగియడానికి ఎంతసేపు పట్టింది, జాకెట్టు హుక్కులు తనే పెట్టుకున్నారా, జడ వేసుకోగలిగారా. మొదట్లో గంటన్నర పట్టే పిడికిలి పదో వారానికి ఇరవై నిమిషాలకి వచ్చింది. ఆ ఏడు సంక్రాంతికి వాకిట్లో చిన్న ముగ్గు తనే పెట్టారు. డాక్టరుకి కూడా ఆ క్యాలెండరే చూపించాం, ఆయనకీ అదే పనికొచ్చింది.

సూది సంగతి. చాలాచోట్ల ఆ సూదిలో ఉండేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే, దాంతో పాటు స్టెరాయిడ్. హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఇంట్లో నొప్పి బిళ్ళ, పైన సూది అంటే మోతాదు రెండింతలవుతుంది. కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం, షుగర్ ఉంటే అదీ పెరుగుతుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష అంకెలు చెప్తే అత్తయ్య వినలేదు. రాబందుల కథ చెప్తే విన్నారు. చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు పడేస్తే వాలే రాబందులు ఇప్పుడేవీ? పశువులకి వేసిన డైక్లోఫెనాక్ ఆ మాంసంతో పాటు వాటి ఒంట్లోకి వెళ్ళి కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. అందుకే మన దేశంలో 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. మనిషి ఒళ్ళు రాబందు అంత సున్నితం కాదు, అది కూడా చెప్పాను. అయినా ఆ తర్వాత సూది కోసం వెళ్ళలేదు.

రక్త పరీక్షలు మాత్రం దాటేయకండి. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి మాకు చేయించారు. ఇంకే డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళి చూపించండి. సెప్ట్రాన్ లాంటి మామూలు యాంటీబయోటిక్ కూడా మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ప్రమాదం.

ఒక్కటి అడగాలి. అమ్మగారు పక్కన పెట్టిన వాటిలో పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోమన్న చిన్న తెల్ల బిళ్ళ ఉందన్నారు, పేరు రాయలేదు. అట్ట తిప్పి చూడండి. అది ప్రెడ్నిసలోన్ అయితే స్టెరాయిడ్. వారాల తరబడి వాడాక దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, కొంచెం కొంచెంగా డాక్టరే తగ్గిస్తారు. ఎన్ని రోజులుగా మానేశారో అడిగి, ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి. పాల కథ రేపైనా చెప్పుకోవచ్చు.