ఆవిరి ఉచితం, కరెంటు మాత్రం ప్రియం

ప్రశ్న: కెన్యాలో విద్యుత్తు చాలావరకు భూగర్భ ఆవిరి, గాలి, నీటి నుంచే వస్తుందని చదివాను. ఇంధనం కొనే పని లేనప్పుడు అక్కడి ప్రజలు కరెంటు బిల్లులు భరించలేకపోతున్నామని ఎందుకు మొత్తుకుంటున్నారు?

జవాబు: మీరు చదివింది నిజమే. నైవాషా సరస్సుకు దక్షిణాన ఉన్న ఒల్కారియాలో 1981లో 15 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన భూతాప విద్యుత్తు ఇప్పుడు ఆ దేశ ఉత్పత్తిలో సుమారు 40 శాతం సమకూరుస్తోంది. తానా నది మీద మసింగా నుంచి కియాంబెరె వరకు వరసగా కట్టిన జలవిద్యుత్ కేంద్రాలు, ఉత్తరాన తుర్కానా సరస్సు దగ్గరి 365 గాలిమరలు దానికి తోడున్నాయి.

అయితే ఆవిరికి వెల లేకపోయినా, దాన్ని పైకి తేవడానికి రెండు మూడు కిలోమీటర్ల లోతున బావులు తవ్వాలి, తవ్విన ప్రతి బావిలోనూ ఆవిరి పడుతుందన్న భరోసా ఉండదు. ఈ ఖర్చంతా మొదటే పెట్టాలి కాబట్టి చాలా భాగం విదేశీ అప్పుగానే వస్తుంది. ప్రైవేటు ఉత్పత్తిదారులతో కుదిరిన దీర్ఘకాలిక ఒప్పందాల్లో చెల్లింపులు కూడా చాలావరకు డాలర్లలోనో యూరోల్లోనో ఉంటాయి. 2022 ఆరంభంలో డాలరుకు సుమారు 113 కెన్యా షిల్లింగులు ఉండగా 2024 జనవరి నాటికి అది 160 దాటింది. ఆ తేడాను వినియోగదారు నుంచి రాబట్టడానికి కరెంటు బిల్లులో విదేశీ మారకపు సర్దుబాటు అనే పద్దు ప్రత్యేకంగా ఉంది. దానితోపాటు ఇంధన రుసుము, గ్రామీణ విద్యుదీకరణ సుంకం, 16 శాతం విలువ ఆధారిత పన్ను కూడా బిల్లులో కలుస్తాయి.

ఇంధన రుసుము ఎందుకని మీరు అడగవచ్చు. కెన్యాలో వాడకం రాత్రి ఏడు నుంచి పది గంటల మధ్య శిఖరానికి చేరి, అర్ధరాత్రి దాటాక బాగా పడిపోతుంది. కొనేవారు లేని ఆ వేళల్లో ఒల్కారియా ఆవిరిని కొంత గాలిలోకి వదిలేస్తారు. సాయంత్రం డిమాండు పెరిగినప్పుడు, వానలు లేక జలాశయాలు అడుగంటిన ఏళ్లలో మరీ ఎక్కువగా, చమురుతో నడిచే కేంద్రాలను తిప్పక తప్పదు.

లైన్ల సంగతి ఇంకా ముఖ్యమైనది. తుర్కానా సరస్సు దగ్గరి 310 మెగావాట్ల పవన విద్యుత్ కేంద్రం 2017లోనే సిద్ధమైనా, అక్కడి నుంచి సుస్వా సబ్‌స్టేషన్‌కు వేయాల్సిన 400 కిలోవోల్టుల లైను 2018 సెప్టెంబరు దాకా పూర్తి కాలేదు. ఒప్పందం ప్రకారం, తీసుకోని కరెంటుకు కూడా కెన్యా పరిహారం చెల్లించాల్సి వచ్చింది. కేంద్రాన్ని, లైనును ఒకే పనిగా చూడకపోవడమే ఇక్కడ జరిగిన పెద్ద తప్పు అని నా అభిప్రాయం. గ్రిడ్ ఎంత బలహీనంగా ఉందో 2023 ఆగస్టు 25 రాత్రి మళ్లీ తేలింది: నైరోబీ విమానాశ్రయంతో సహా దేశంలో అధిక భాగం చీకట్లో మునిగిపోయింది.

అన్నింటికన్నా బాధ కలిగించేది పేద కుటుంబాల స్థితి. నెలకు 100 యూనిట్ల వరకు వర్తించిన అత్యల్ప ధరల శ్రేణిని 2023 ఏప్రిల్ నుంచి 30 యూనిట్లకు కుదించారు. ఇంట్లో చిన్న ఫ్రిజ్ ఉన్నా ఆ హద్దు దాటిపోతుంది. ప్రీపెయిడ్ మీటరుకు అదే డబ్బుతో టోకెన్ కొన్నా మునుపటికన్నా తక్కువ యూనిట్లే వస్తాయి.