వాలు నేలలో రిటైనింగ్ వాల్ ఎవరు కట్టించాలి?

పై స్థలం వారు మట్టి పోసి ఎత్తు చేసుకుంటూ, ఆ మట్టి జారకుండా ఆపే గోడ (రిటైనింగ్ వాల్) ఖర్చు మాత్రం కిందనున్న మీరే పెట్టుకోవాలంటున్నారని రాశారు. పైవారే కట్టాలనో కిందివారే కట్టాలనో చట్టం ఎక్కడా చెప్పలేదు. నేల సహజ మట్టాన్ని ఎవరు మార్చారన్న దానిని బట్టి బాధ్యత తేలుతుంది. పక్క స్థలం మీద ఉండే హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల ప్రకారం, పక్క నేల నుంచి సహజంగా అందే ఆసరా ప్రతి భూయజమానికీ హక్కే. అయితే ఆ హక్కు తవ్వకుండా, అదనపు బరువు మోపకుండా ఉన్న నేలకే వర్తిస్తుంది. పైన ఇల్లు కట్టి 20 ఏళ్లుగా అడ్డులేకుండా ఆ ఆసరాను హక్కుగా అనుభవిస్తూ ఉంటే 15వ సెక్షన్ కింద ఇంటి బరువుకు కూడా ఆ ఆసరా హక్కు వస్తుంది కనుక, ముందుగా ఆ ఇంటి వయసు తెలుసుకోండి.

మా ఇల్లు విశాఖపట్నంలో కొండవాలున ఉంది. పునాదుల కోసం మా నాన్నగారు వాలును నాలుగడుగులు తవ్వించారు. ఆ తరువాత పైవారు పెరడు చదును చేసుకోవడానికి మూడడుగుల గ్రావెల్ పోయించారు. మొత్తం ఏడడుగుల మట్టికీ అడ్డు నిలిచింది తొమ్మిదంగుళాల ఇటుక ప్రహరీ ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గోడ పొట్ట పెట్టి, మర్నాటికి మా వైపు కూలింది. మనుషులకు ఏమీ కాలేదు గానీ తులసికోట పోయింది; అమ్మ ఇప్పటికీ గోడ కంటే దాని గురించే బాధపడుతుంది.

కూలింది మీ గోడ అని వారు, కూల్చింది మీ మట్టి అని మేము నెల రోజులు వాదించుకున్నాం. చివరికి ఒక ఇంజనీరు, ఎవరూ ముట్టుకోని పక్క ఖాళీ స్థలం వాలుకు లెవెల్ తీసి (ఎత్తుపల్లాలు కొలిచి), పాత మట్టం ఎక్కడుందో తేల్చారు. దాని ప్రకారం ఖర్చును మేము నాలుగు వంతులు, వారు మూడు వంతులుగా పంచుకున్నాం. నిజానికి మట్టి తోపుడు ఎత్తుతో సమానంగా కాక, ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఏడడుగుల గోడ మీద పడే తోపుడు నాలుగడుగుల గోడ మీద పడేదానికి దాదాపు మూడింతలు. ఆ లెక్కన వారి వాటాయే ఎక్కువ కావలసింది, కానీ రోజూ ముఖాలు చూసుకోవలసిన వాళ్లం కదా అని నాన్నగారు ఊరుకున్నారు.

అసలు తగాదా నీటి దగ్గర వచ్చింది. కొత్త రాతిగోడలో నీరు కారడానికి పెట్టే గొట్టాలు మా వాకిట్లోకి వద్దని నేనే పట్టుబట్టాను. అది నా తెలివితక్కువతనం. గోడ వెనక కంకర పొర, గోడలో ఆ గొట్టాలు లేకపోతే, నిలిచిన వాననీరు మట్టితో పాటు తానూ తోస్తుంది. వాలున సహజంగా పారే వాననీటిని కిందివారు రానివ్వాలని అదే 7వ సెక్షన్ చెబుతుంది. డాబా మీద నుంచి గొట్టంతో వదిలే నీటికీ, బాత్రూము నీటికీ ఆ వెసులుబాటు లేదు. వాటిని పైవారు రోడ్డు కాలువలోకి మళ్లించుకున్నారు.

పంపకాన్ని, మరమ్మతుల బాధ్యతను, గోడ అడుగుభాగం ఎవరి స్థలంలోకి ఎంత వచ్చిందో ఆ కొలతను కాగితం మీద పెట్టి రిజిస్టర్ చేయించండి. రేపు ఆ స్థలం కొనేవారికి ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడుతుంది. మీ పైవారు ఇంకా మట్టి పోస్తూనే ఉన్నారు కాబట్టి, పాత మట్టం పూర్తిగా కప్పబడకముందే లెవెల్ తీయించి ఫొటోలు తీసి ఉంచుకోండి.