పొలం కాగితాలు బీరువాలోంచి తీసే ముందు

రాజమండ్రి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి అంతర్జాతీయ సంబంధాల్లో మాస్టర్స్ చదవడానికి అమెరికా వెళ్తానన్నావట. ఏడు యూనివర్సిటీల పేర్లు వరసగా రాసి ఫ్రిజ్‌కి అంటించావట. ఆరో తరగతిలో ప్రపంచ పటం గోడకి కొట్టించుకుని, పేపర్లో ఏ దేశం పేరు కనపడితే ఆ దేశం మీద అమ్మ బొట్టుబిళ్ల అంటించిన పిల్లవి. ఇటే వస్తావని అప్పుడే అనుకోవాల్సింది. చాలా గర్వంగా ఉంది తల్లీ. మీ నాన్న పొలం కాగితాలు వెతుకుతున్నాడని కూడా మీ అమ్మ చివర్లో చెప్పింది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొద్దున్నే ఈ ఉత్తరం.

నీ జాబితా ర్యాంకుల ప్రకారం ఉందని విన్నాను. ముందు దాన్ని ఫ్రిజ్ మీంచి తీసెయ్. అమెరికాలో యూఎస్ న్యూస్ పత్రిక పబ్లిక్ అఫైర్స్ స్కూళ్లకి, అంటే ప్రభుత్వ పాలన, విధానాలు నేర్పే స్కూళ్లకి, ఇచ్చే ర్యాంకు ఎలా వస్తుందో తెలుసా? ఆ స్కూళ్ల డీన్లకీ డైరెక్టర్లకీ ఒక ప్రశ్నాపత్రం పంపుతారు. ఒకళ్ల స్కూలుకి ఒకళ్లు మార్కులు వేస్తారు, వాటి సగటే ర్యాంకు. నీకు ఎవరు పాఠం చెప్తారు, ఎంత అప్పు మిగులుతుంది, ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది, ఇవేవీ ఆ లెక్కలో లేవు.

రెండోది, నీ జాబితాలో అంతర్జాతీయ సంబంధాలనీ పబ్లిక్ పాలసీనీ (ప్రభుత్వ విధానాల చదువు) ఒకే గాటన కట్టావు. రెండూ వేరు చదువులు. పబ్లిక్ పాలసీలో మొదటి ఏడాదంతా మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఆ రెండూ కలిపే ఎకనోమెట్రిక్స్. స్టాటా, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద పని. ఒక పథకానికి పెట్టిన ఖర్చుకి ఫలితం వచ్చిందా లేదా తేల్చడం నేర్పుతారు. అంతర్జాతీయ సంబంధాల్లో దౌత్యం, భద్రత, వాణిజ్యం, ఒక ప్రాంతం గురించి లోతైన చదువు, దాంతో పాటు భాష. కొన్ని స్కూళ్లలో రెండో భాష పరీక్ష నెగ్గితే గాని డిగ్రీ చేతికి రాదు. తెలుగుని ఆ రెండో భాషగా ఒప్పుకుంటారేమో ముందే ఈమెయిల్ రాసి అడుగు. నువ్వు బీఏలో ఎకనామిక్స్ చదివావు, రెండేళ్లుగా అంకెలతోనే పని చేస్తున్నావు. నన్నడిగితే నీ చెయ్యి పబ్లిక్ పాలసీ వైపే తిరిగి ఉంది. కానీ నీ మనసు పటం మీద ఉంది, అదీ తెలుసు. రెండూ కలిసే చోటు వెతుకు. వాణిజ్యం, వాతావరణ ఒప్పందాలు, అభివృద్ధి రుణాలు, వలసలు, ఇవన్నీ అంకెలు తెలిసిన అంతర్జాతీయ సంబంధాల మనిషి కోసం చూస్తుంటాయి.

రాయబారి అవ్వాలన్నదే నీ అసలు కోరికైతే మాత్రం దారి వేరు. ఇండియన్ ఫారిన్ సర్వీస్‌కి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే వాకిలి. డిగ్రీ ఉంటే చాలు, మాస్టర్స్ అక్కర్లేదు. జనరల్ కోటాలో 32 ఏళ్లలోపు, ఆరు ప్రయత్నాలు. రెండేళ్లు విదేశంలో గడిపితే ఆ లెక్కలోంచి రెండేళ్లు పోతాయి. ఇది ముందు తేల్చుకో, మిగతాది తర్వాత.

ఇప్పుడు మీ పెద్ద బావ సంగతి. అత్త ఇప్పటికీ నోరు విప్పి చెప్పదు గనక నేను చెప్తాను. వాడి తప్పు తెలివితక్కువ తప్పు కాదు. తెలివైన పిల్లలందరూ చేసేదే, అందుకే నాకు భయం.

వాడు భద్రతా విధానం చదవడానికి అమెరికాలో రెండేళ్ల కోర్సులో చేరాడు. స్కూలు పేరు పెద్దది. వెబ్‌సైట్‌లో ఉద్యోగాల నివేదిక చూశాడు. చదివినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆరు నెలల్లో ఉద్యోగంలోనో పై చదువులోనో ఉన్నారని రాసుంది. ఆ అంకె చూసి అత్త బ్యాంకుకి వెళ్లింది. అంకె అబద్ధం కాదు, దాన్ని చదవడం వాడికి తెలియలేదు. ఆ నివేదికలో నాలుగు విషయాలు చూడాలి. మొదటిది, ఎంతమంది జవాబిచ్చారు. వందలో అరవై మందే జవాబిస్తే, ఆ తొంభై శాతం అరవై మంది మీదే. ఉద్యోగం దొరకనివాళ్లు జవాబివ్వడం తక్కువ. రెండోది, సొంత ప్రభుత్వాలూ సైన్యాలూ పంపగా వచ్చి, తిరిగి అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు. వాళ్లూ ఉద్యోగస్తుల లెక్కలోనే ఉంటారు. మూడోది, మూడు నెలల ఇంటర్న్‌షిప్, స్వల్పకాలిక కాంట్రాక్టు కూడా ఉద్యోగమేనని లెక్కేశారా. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: అమెరికా పౌరుల్నీ బయటివాళ్లనీ విడివిడిగా చూపించారా. చూపించకపోతే ఆ అంకె నీది కాదు.

ఎందుకంటే వాడు కోరుకున్న ఉద్యోగాల్లో చాలావాటికి పౌరసత్వం కావాలి. విదేశాంగ శాఖ, రక్షణ శాఖ, వాటికి పనిచేసే కాంట్రాక్టు కంపెనీలు, అన్నిచోట్లా భద్రతా అనుమతి అడుగుతారు. ఆ అనుమతి మన పాస్‌పోర్టు మీద రాదు. తరగతిలో వాడి పక్కన కూర్చున్నవాడికి, వీడికన్నా తక్కువ మార్కులు వచ్చినవాడికి, మే నెలకల్లా ఉద్యోగం వచ్చింది. వీడి దరఖాస్తుల్ని మొదటి ప్రశ్న దగ్గరే పక్కన పెట్టేశారు.

దాని మీద ఇంకో దెబ్బ. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకి చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పని చేసుకోవచ్చు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న కోర్సైతే మరో 24 నెలలు. కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో దాని పేరు చూసి చెప్పలేం. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద కోర్సు పేరు పక్కన, అది ఏ రకం చదువో చెప్పే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది, తేల్చేది అదే. అంతర్జాతీయ సంబంధాలకి మామూలుగా ఇచ్చే 45.0901 ఆ జాబితాలో లేదు. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603 ఉంది. ఒకే స్కూల్లో పక్కపక్కనే ఉన్న రెండు డిగ్రీలకి వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. మీ బావ ఆ కోడ్ చూసింది డిపాజిట్ కట్టాక, బ్యాంకు మొదటి విడత పంపాక. ఆ 12 నెలల్లో కూడా మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. వాడు 80వ రోజున జీతం లేని పరిశోధన పనిలో చేరాడు, రోజుల లెక్క ఆపడానికి. తర్వాత ఇంటికొచ్చాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బాగానే ఉన్నాడు, చదువు వృథా పోలేదు. అత్త తాకట్టు పెట్టిన కాగితాలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

అందుకని నువ్వు చెయ్యాల్సిందిది. జాబితాలో ఉంచిన ప్రతి స్కూలుకీ ఈమెయిల్ రాయి. ఈ కోర్సు సీఐపీ కోడ్ ఏది? గత రెండేళ్లలో అమెరికా పౌరులు కాని విద్యార్థులు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి ఎక్కడ ఉద్యోగాలు వచ్చాయి? తమని పంపిన ప్రభుత్వం దగ్గరికో సైన్యం దగ్గరికో తిరిగి వెళ్లినవాళ్లు ఎంతమంది? సూటిగా జవాబివ్వని స్కూలుని కొట్టెయ్, అది ఎంత పెద్ద పేరైనా సరే. తర్వాత అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు ఇద్దరితో మాట్లాడు. స్కూలు తనంత తానుగా చూపించే విద్యార్థితో కాదు, నువ్వు వెతికి పట్టుకున్నవాళ్లతో.

వాషింగ్టన్‌లో పాస్‌పోర్టు అడ్డురాని తలుపులూ ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్‌లలో పనిచేసే బయటి దేశాలవాళ్లది జీ-4 వీసా, వాళ్లకి హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీతో పని లేదు. కానీ కొత్తవాళ్లు చాలామంది ప్రపంచ బ్యాంకులో స్వల్పకాలిక కన్సల్టెంటుగా మొదలవుతారు, ఏడాదికి 150 రోజులకి మించని కాంట్రాక్టు అది. లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థల్లో కొన్ని లాటరీతో పని లేకుండా హెచ్-1బీ పెట్టగలవు, ఏవేవో ముందే కనుక్కో. 2025లో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడ్డాక అభివృద్ధి రంగంలో అనుభవమున్నవాళ్లే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. కొత్తగా వచ్చే పిల్లలు వాళ్లతో పోటీ పడాలి.

అప్పు లెక్క నీ చేత్తో నువ్వే వెయ్యి, నాన్న మీద వదలకు. పెద్ద ప్రైవేటు స్కూళ్లలో ఫీజే ఏడాదికి 60 వేల డాలర్ల పైమాట. న్యూయార్క్‌లోనో వాషింగ్టన్‌లోనో అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపితే రెండేళ్లకి లక్షన్నర డాలర్లు దాటుతుంది. డాలరు 85 రూపాయలనుకున్నా కోటీ పాతిక లక్షల పైనే. సగం పైగా స్కాలర్‌షిప్ వచ్చి 50 లక్షలే అప్పు అయిందనుకో. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు, నెలకి దాదాపు 69 వేల వాయిదా. ఇది చదువుతున్నన్నాళ్లూ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే. కట్టకపోతే అదీ అసలులో కలుస్తుంది. ఢిల్లీలో పాలసీ పరిశోధనలో మొదటి ఉద్యోగం జీతం చాలా చోట్ల ఆ వాయిదాకి కూడా సరిపోదు. పొలం అమ్మినా తాకట్టు పెట్టినా మీ నాన్న పైకి ఒక్క మాట అనడు. నాకు వాడు చిన్నప్పట్నుంచీ తెలుసు.

నేను వద్దనడం లేదమ్మా. డబ్బు ముందు చూసుకుని తలుపు తర్వాత తట్టమంటున్నాను. ప్రిన్స్‌టన్‌లో రెండేళ్ల ఎంపీఏకి (పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్) సీటు వచ్చినవాళ్లందరికీ ట్యూషన్ ఫీజు స్కూలే భరిస్తుంది. తరగతి చిన్నది, పోటీ ఎక్కువ, అయినా దరఖాస్తు చెయ్యి. బ్రిటన్‌కి చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, రెండేళ్ల ఉద్యోగంతో అది నీకు సరిపోతుంది. ఏడాది చదువు, తర్వాత రెండేళ్లు మన దేశంలో ఉండాలి. అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌కి మూడేళ్ల అనుభవం కావాలి, నీకింకా ఒక ఏడాది తక్కువ. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ కోర్సుల్లో పబ్లిక్ పాలసీకి ఒకటుంది, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు పోను నెలకి 1,400 యూరోలు ఇస్తారు. ఐక్యరాజ్యసమితి మీద మనసుంటే జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ చూడు, 1927 నుంచి ఉంది. ఆ ఊళ్లో చదివితే సమితి ఆఫీసులు ట్రామ్ దూరంలో ఉంటాయి, ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు మకాం మార్చక్కర్లేదు. సమితి ఇంటర్న్‌షిప్‌కి జీతం లేదని మాత్రం ఖర్చు లెక్కలో వేసుకో. ఆక్స్‌ఫర్డ్ బ్లావట్నిక్ స్కూల్లో ఎంపీపీ (పబ్లిక్ పాలసీ మాస్టర్స్) ఏడాదే. బ్రిటన్‌లో చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఇస్తున్నారు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి అది 18 నెలలే. సింగపూర్ లీ క్వాన్ యూ స్కూలు ఆసియా మీద పని చేద్దామనుకునేవాళ్లకి మంచి చోటు.

మన దగ్గరా చిన్నచూపు చూడకు. జేఎన్‌యూ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడి సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. ప్రాంతాల వారీ చదువుకి దేశంలో అంతటి గ్రంథాలయం, అంతమంది అధ్యాపకులు ఒకచోట దొరకడం కష్టం, ఫీజు నామమాత్రం. సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల ఎంపీపీ 2014 నుంచి ఉంది. హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్, గీతం వాళ్ల కౌటిల్య స్కూలు ఉన్నాయి. ఇక్కడ చదివి, కొన్నాళ్లు పని చేసి, నిండు స్కాలర్‌షిప్‌తో బయటికి వెళ్లడం ఆలస్యం కాదు. చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్ గురించి కూడా చదువు, ఒక ఎంపీ దగ్గర పార్లమెంటు పని. 25 ఏళ్లలోపే తీసుకుంటారు. నీకు 23 నిండాయి, కాబట్టి ఆలస్యం చెయ్యకు.

మిగిలినవి నీకు తెలిసినవే. బీఏ మూడేళ్లది గనక, పదహారేళ్ల చదువు కావాలనే స్కూళ్లు ఉంటాయి, ముందే అడుగు. జీఆర్ఈ అక్కర్లేదన్న చోట కూడా నీ లెక్కల స్కోరు బాగుంటే పంపు, స్కాలర్‌షిప్ దగ్గర పనికొస్తుంది. అమెరికా గడువులు డిసెంబరు, జనవరిల్లో. సిఫారసు లేఖలు మూడు, మాస్టార్లకి రెండు నెలల ముందు చెప్పు. కోర్సుల జాబితా పాత కేటలాగులో కాదు, ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్లో చూడు. నీకు కావాల్సిన ప్రొఫెసర్ సెలవులో ఉన్నాడేమో, పీహెచ్‌డీ వాళ్లకి మాత్రమే చెప్తాడేమో అక్కడే తెలుస్తుంది. అమీర్‌పేట కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్లకు. వాళ్లకి కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల వైపే తోస్తారు.

ఒక పెద్ద కాగితం తీసుకుని గళ్లు గియ్యి. స్కూలు, సీఐపీ కోడ్, బయటి దేశాల విద్యార్థుల ఉద్యోగాలు, స్కాలర్‌షిప్, నెల వాయిదా, ఉద్యోగం దొరక్కపోతే ఏం చేస్తావు. చివరి గడి ఖాళీగా వదలకు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నాకు ఫోన్ చెయ్యి, కాగితం దగ్గర పెట్టుకుని. ఈ చదువు ఎందుకో దరఖాస్తులో రాసే స్టేట్‌మెంట్ కూడా నాకు పంపు, ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాను. ఈలోగా మీ నాన్నతో నా మాటగా చెప్పు, ఆ కాగితాలు బీరువాలోనే పెట్టి తాళం వెయ్యమని.

ప్రేమతో,
మీ పెదనాన్న