వరద చూడని పిల్లకు వానంటే భయం ఎలా వచ్చింది?

ప్రశ్న: మేం తిరుపతిలో పల్లం వైపు కాలనీలో అద్దెకుంటాం. 2021 నవంబరు వానల్లో ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చి ఫ్రిజ్, పరుపులు, బియ్యం అన్నీ పాడయ్యాయి. అప్పుడు బాబుకు నాలుగేళ్లు, ఇప్పుడు మూడో తరగతి. పాప ఆ తర్వాత పుట్టింది, మొన్ననే మూడు నిండాయి. వాన గట్టిగా పట్టిందంటే మా ఆయన ఇంటి ఓనరుకూ, తమ్ముడికీ ఫోన్లు చేసి అరుస్తారు. నాకు కాళ్లూ చేతులూ ఆడవు, ఏడుపొస్తుంది. అత్తగారు ‘ఈసారి అందరం పోతాం’ అని గుండెలు బాదుకుంటారు. బాబేమో చెల్లెల్ని ‘నోర్ముయ్, అంతా నీవల్లే’ అని గద్దిస్తున్నాడు. పాప రాత్రిళ్లు చినుకు చప్పుడుకే లేచి, చెప్పులు చేతపట్టుకుని తలుపు దగ్గర నిలబడుతోంది. వరదే చూడని పిల్లకు ఈ భయం ఎందుకు? – ఒక తల్లి, తిరుపతి

జవాబు: పాప వరదను చూడలేదు. వాన పడితే మీ ముగ్గురి ముఖాలు ఎలా మారతాయో మాత్రం పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఏది ప్రమాదమో ఏది కాదో తేల్చుకోవడానికి ఆ వయసు పిల్లలకు మొదటి ఆధారం పెద్దవాళ్ల ముఖమే. 1985లో అమెరికాలో ఏడాది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గాజు పరిచిన బల్ల మీద పాకుతూ వెళ్తుంటే, సగం దూరంలో గాజు కింద అడుగు లోతు పల్లం ఉన్నట్టు కనబడుతుంది. అవతలి వైపు తల్లి నిలబడి ఉంటుంది. తల్లి సంతోషంగా ముఖం పెట్టినప్పుడు 19 మంది పిల్లల్లో 14 మంది దాటి వచ్చారు. భయపడినట్టు ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

బాబు సంగతి వేరు. ‘అంతా నీవల్లే’ అనేది ఆ వయసు పిల్లవాడు సొంతంగా కట్టుకున్న మాటలా లేదు. ఫోన్లోనో, మీ ఇద్దరి మధ్యనో విని ఉంటాడు. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టి తిట్టడం చూసిన చిన్నపిల్లలు తర్వాత అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. భయం వేసినప్పుడు తనకంటే చిన్నవాళ్ల మీద అరవాలని మీ బాబు నేర్చుకున్నాడు. వాడిని తిట్టి ఇది మాన్పించాలని చూస్తే అదే పాఠం ఇంకోసారి చెప్పినట్టవుతుంది.

అలాగని భయం లేనట్టు నటించమని చెప్పడం లేదు. వణుకుతున్న గొంతుతో ‘ఏం కాదు, ఏం కాదు’ అంటే పిల్లలు మాటను వదిలేసి గొంతును నమ్ముతారు. ‘కాసేపట్లో ఆగిపోతుంది’ అని మాటివ్వకండి. ఆగకపోతే మీ తర్వాతి మాటకు విలువుండదు. భయపడుతూనే చేయాల్సిన పని చేసుకుపోయే మనిషి పిల్లలకు కనబడాలి.

వాన పట్టిన మొదటి పది నిమిషాలే కీలకం. ముందు మీ ఊపిరి సరిచేసుకోండి: నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, అలా ఐదారు సార్లు. తర్వాత పాప కళ్లకు సమానంగా కింద కూర్చుని మూడే విషయాలు చెప్పండి: ఏం జరుగుతోంది, మనమేం చేస్తున్నాం, నువ్వేం చేయాలి. ‘వాన గట్టిగా పడుతోంది. అమ్మకు కొంచెం భయంగానే ఉంది. నాయన మెట్టు దగ్గర నీళ్లు చూస్తున్నాడు. నువ్వు నీ బొమ్మను సంచిలో పెట్టు.’ అంతకు మించి వివరాలొద్దు. బాబుకు నిజమైన పని ఇవ్వండి, కానీ వాడి వయసుకు తగింది: టార్చి వెలుగుతోందో లేదో చూడటం, నీళ్ల సీసాలు నింపడం. చెల్లెల్ని కాపాడే బాధ్యత వాడిది కాదు. ‘చెల్లి నీ బాధ్యత’ అంటే ఆ బరువు మోయలేక మళ్లీ ఆ పిల్ల మీదే అరుస్తాడు.

మీ ఆయన ఫోన్లు చేయాల్సిందే. వరండాలోకో మేడమెట్ల మీదికో వెళ్లి చేయమనండి. వాన పడుతుండగానో, అత్తగారి ముందో ఈ సంగతి ఎత్తకండి. ఎండగా ఉన్న రోజు తీరిగ్గా కూర్చుని ఈ జవాబు ఆయనతో చదివించండి. టీవీ, వాట్సాప్ వీడియోలు పిల్లల ముందు కట్టేయాలి. 2021లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చిందని కింది ఊళ్లు ఖాళీ చేయించిన దృశ్యాలు ఇవాళ ఫోన్లో చూపిస్తే, మూడేళ్ల పిల్ల అది ఇప్పుడే, మన వీధిలోనే జరుగుతోందనుకుంటుంది.

అత్తగారి నోరు మూయించే ప్రయత్నం పిల్లల ఎదుట చేయకండి. ఆమె భయం కూడా నిజమే, పైగా అందరికంటే ఎక్కువ చూసిన మనిషి. ఆమెకూ ఒక పని ఇవ్వండి. ఆ రోజు ఎవరింట్లో తలదాచుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు, ఇల్లు మళ్లీ ఎలా కడుక్కున్నారు, ఆ భాగం పిల్లలకు చెప్పమనండి. ఇప్పటిదాకా వాళ్లు విన్నది నీళ్లొచ్చిన సగమే. దేవుణ్ణి తలచుకోవడానికి అడ్డేమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా గోవింద నామాలు చెబితే పిల్లలు కుదుటపడతారు. గుండెలు బాదుకుంటూ అవే నామాలు అరిస్తే హడలిపోతారు.

ఇవన్నీ వాన రోజున హఠాత్తుగా కుదరవు. మనవైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సెప్టెంబరులోనే సిద్ధం కండి. ఆధార్, రేషన్ కార్డు, బడి కాగితాలు, అత్తగారి మాత్రలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. వాకిలి మెట్ల మీద పిల్లల చేతే పెయింటుతో ఒక గీత గీయించండి. నీళ్లు గీత తాకితే అందరం మేడ మీది వాళ్లింటికి, తాకకపోతే ఇక్కడే. మేడ మీది వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ‘ఉండాలా, వెళ్లాలా’ అని అప్పటికప్పుడు పెద్దవాళ్లు వాదించుకోవడం పిల్లల్ని నీళ్లకంటే ఎక్కువ బెదరగొడుతుంది. మెయిన్ స్విచ్ ఆపడం పెద్దవాళ్ల పని, అదీ నీళ్లు ఇంట్లోకి రాకముందే, పొడి చేత్తో, పొడి నేల మీద నిలబడి. నీళ్లు చేరిపోతే దాని జోలికి పోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

రాత్రి పాప లేస్తే ఇంటిల్లిపాదీ లేవకండి, లైట్లన్నీ వేయకండి. ఒకరే లేచి, పాపతో కిటికీలోంచి ఒక్కసారి గీత చూసి, ‘పొడిగా ఉంది’ అని చెప్పి పడుకోబెట్టండి. పదిసార్లు చూపించారంటే, పదిసార్లు చూడాల్సినంత ప్రమాదం ఉందని అర్థం చేసుకుంటుంది. చెప్పులు మంచం పక్కనే పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, అందులో తప్పేమీ లేదు. పగలు సన్న తుంపర పడినప్పుడు గొడుగేసుకుని వాకిట్లో ఐదు నిమిషాలు నిలబెట్టండి. ఏడిస్తే గడపలోంచే చూడనివ్వండి, లాక్కెళ్లకండి. పాప వరద ఆట ఆడుకుంటే ఆపకండి. ప్రతిసారీ బొమ్మ మునిగిపోవడంతోనే ఆట ముగుస్తుంటే, ‘అప్పుడు సాయానికి ఎవరొచ్చారు?’ అని అడిగి చూడండి.

ఎంత అనుకున్నా ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు అరుస్తారు. అరిచినవాళ్లే, ఆ రోజే, బాబుతో చెప్పాలి: ‘నాకు భయమేసి అరిచాను. నీ తప్పు లేదు. ఈసారి బయటికెళ్లి మాట్లాడతాను.’ ‘నువ్వు అల్లరి చేయకపోతే అరిచేవాణ్ణా’ అని తోక తగిలిస్తే ముందన్నదంతా వృథా. ఆయన తరఫున మీరు చెబితే చెల్లదు. నాన్న తన తప్పు ఒప్పుకోవడం బాబు కళ్లారా చూస్తే, చెల్లెలి దగ్గర తనూ ఆ మాట అనగలుగుతాడు.

భయం నెల దాటినా తగ్గకపోయినా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడికి వెళ్లనని మొండికేసినా, జబ్బేమీ లేకుండా తరచూ కడుపునొప్పి అన్నా రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు టెలి మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కాళ్లూ చేతులూ ఆడటం లేదని రాశారు. వాన లేని రోజుల్లో కూడా మీకు నిద్ర పట్టకపోతున్నా, గుండె దడగా ఉంటున్నా పిల్లల కంటే ముందు మీరే ఆ నంబరుకు ఫోన్ చేయండి.