కోట్లు కాదు, కోట్ల

సందేహం: 73939133 అనే ప్రధాన సంఖ్య (1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోనిది) గురించి వ్యాసం రాస్తున్నాను. కుడివైపు నుంచి ఒక్కో సంఖ్య తీసేస్తూ పోయినా మిగిలేది ప్రధాన సంఖ్యేనని రాశాను. దాని పేరును ‘ఏడు కోట్లు ముప్ఫై తొమ్మిది లక్షలు ముప్ఫై తొమ్మిది వేలు వంద ముప్ఫై మూడు’ అని రాస్తే మిత్రుడు తప్పన్నాడు. నిజమేనా? ‘అభాజ్య సంఖ్య’ అనడం మేలా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమే. ‘ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు’ అని రాయాలి. వెనక ఇంకో మాట వస్తుంటే కోట్లు, లక్షలు, వేలు అనేవి కోట్ల, లక్షల, వేల అవుతాయి. ఏమీ రాకపోతేనే ‘లు’ నిలుస్తుంది: ఏడు కోట్లు. ఒక్కటే అయితే దీర్ఘం వస్తుంది: కోటీ ముప్ఫై లక్షలు, లక్షా పాతిక వేలు. ఆ దీర్ఘం ‘మరియు’ చేసే పనే చేస్తుంది, ఎంతో హాయిగా.

‘నూట’ సంగతి ఇంకా బాగుంటుంది. ఏరు–ఏటి, నోరు–నోటి లాగే నూరు–నూటి. విడిగా చెప్పేటప్పుడు ‘నూరు’ స్థానంలోకి ‘వంద’ వచ్చేసింది. కానీ నూట ఒకటి మొదలుకొని నూట తొంభై తొమ్మిది దాకా పాత మాటే నిలిచింది. ఇన్నూరు, మున్నూరు మాత్రం వాడుకలో రెండు వందలు, మూడు వందలు అయిపోయాయి.

మీ సంఖ్యలోనే చూడండి. చివరి 3 కొట్టేస్తే 73,93,913: డెబ్భై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు. కోట్లూ పోయాయి, నూటా పోయింది. ఇంకోటి కొట్టేస్తే ఏడు లక్షల ముప్ఫై తొమ్మిది వేల మూడు వందల తొంభై ఒకటి. ఆ తర్వాత 73,939, 7,393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి, వాటిలో మీదే అతి పెద్దది. దాని చివర ఏ అంకె చేర్చినా ప్రధానత పోతుంది. ఉదాహరణకు 1 గానీ 7 గానీ చేర్చి అంకెలు కూడి చూడండి, 39, 45 వస్తాయి. అంటే మూడుతో భాగం పోతుంది.

అన్నట్టు, తీసేసేది సంఖ్యను కాదు, అంకెను. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న గుర్తులు అంకెలు, వాటితో రాసేది సంఖ్య. ఈ వ్యాసంలో ఆ తేడా చెరిగితే విషయమే చెడుతుంది, ఎందుకంటే ఈ గుణం పది గుర్తులతో సంఖ్యలు రాసే మన పద్ధతిలోని అంకెలది.

‘ప్రధాన’ మార్చకండి. అభాజ్యం అంటే భాగించడానికి వీల్లేనిది. ఆ లెక్కన 1 కూడా అందులో చేరిపోతుంది, కానీ 1 ప్రధాన సంఖ్య కాదు. పైగా 1 కంటే పెద్దవైన మిగతా సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యల గుణకారంతోనే పుడతాయి కాబట్టి ఆ పేరు వాటికి తగింది.

మీ వాక్యం ఇలా రాయండి: ‘కుడి చివర నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పోయినా ప్రతిసారీ మిగిలేది ప్రధాన సంఖ్యే.’