పుస్తకం వెన్నుకు పట్టే జిగురుకు ఎంత వేడి కావాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిందంతా రాత్రి మళ్లీ ఆలోచించాను. పోటీ పరీక్షల గైడ్లు షాపులో ఒకసారి విప్పగానే మధ్య పేజీలు చేతిలోకి వస్తున్నాయన్నావు. బైండింగు మిషనులో జిగురు కరిగించే ట్యాంకు వేడిని 160 నుంచి 190 డిగ్రీలకు పెంచినా అతుకు బాగుపడకపోగా గదంతా మాడు వాసన వస్తోందన్నావు. ఇది ఫోనులో చెప్పి వదిలేసే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. మిషను దగ్గర కూర్చుని చదువు.

ముందుగా ట్యాంకు వేడి దించు. జిగురు సంచి మీదో, కంపెనీ ఇచ్చిన కాగితంలోనో వాడవలసిన వేడి రాసి ఉంటుంది. పుస్తకం వెన్నుకు వాడే ఇ.వి.ఎ. (ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన) రకానికి అది సాధారణంగా 160 నుంచి 180 మధ్య ఉంటుంది. నీ సంచి మీద ఏముందో అదే నీకు ప్రమాణం. పక్క ప్రెస్సు వాళ్లు ఎంత పెడుతున్నారన్నది నీకు అనవసరం, వాళ్ల జిగురు వేరు.

ఈ జిగురులో నీళ్లు ఉండవు. మైదా జిగురుకు, తెల్ల జిగురుకు అలవాటైనవాళ్లు ఇది కూడా ఆరి అతుక్కుంటుందనుకుంటారు. ఇది ఆరదు, చల్లారి గట్టిపడుతుంది. బలమూ సాగే గుణమూ ఇచ్చేది అందులోని ఇ.వి.ఎ. ప్లాస్టిక్. జిగటనూ, కాగితాన్ని తడిపే, అంటే దాని నారల్లోకి దిగి పట్టుకునే గుణాన్నీ ఇచ్చేది రెజిన్. పలచగా పారేలా, త్వరగా గట్టిపడేలా చేసేది మైనం. వీటన్నిటినీ నడిపించేది వేడే. వేడి తగ్గితే జిగురు చిక్కబడి కాగితం మీద పేరుకుంటుంది తప్ప నారల్లోకి దిగదు. వేడి మరీ ఎక్కువైతే నీళ్లలా పారి పేజీల మధ్యకు చొరబడుతుంది, వెన్ను మీద పొర పలచబడుతుంది, నొక్కు వదిలేసరికి ఇంకా గట్టిపడదు కాబట్టి కవరు పక్కకు జరుగుతుంది. సంచి మీద మెత్తబడే వేడి అని 80, 90, 100 ఇలా మరో అంకె కూడా ఉంటుంది. దాన్ని చూసి ఆ వేడికే పని జరుగుతుందనుకోకు. కాగితంలోకి దిగేంత పలచబడాలంటే దానిపైన ఇంకో 70, 80 డిగ్రీలు కావాలి.

ఇప్పుడు ఊడిన పుస్తకాన్ని ఒకటి తీసుకుని మంచి వెలుతురులో చూడు. పేజీ ఊడిన చోట జిగురు మీద కాగితం నారలు తెల్లగా నూగులా అంటుకుని ఉంటే జిగురు తన పని చేసిందని అర్థం, చిరిగింది కాగితం. అలా కాక పేజీ అంచు శుభ్రంగా ఉండి, జిగురు మీద పేజీల గీతలు మాత్రం అచ్చు పడినట్టు నున్నగా మెరుస్తుంటే, జిగురు తాకింది కానీ తడపలేదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ గైడ్లు ఇలాగే ఉండాలి. జిగురే పెళుసుగా పెళ్లలు పెళ్లలుగా విరుగుతుంటే అది మాడిన జిగురు. ఇంకొక్కటి చూడాలి. వెన్నును గరుకు చేసే బ్లేడు మొద్దుబారినా, ఆ కాగితపు పొడిని బ్రష్షు సరిగా తుడవకపోయినా పేజీ ఇలాగే శుభ్రంగా ఊడుతుంది. జిగురును అనుమానించే ముందు వెన్నును వేలితో రాసి చూడు. వేలికి పొడి అంటితే తప్పు వేడిది కాదు.

190 పెట్టినా తడపకపోవడం ఎలా అని నీకు సందేహం రావాలి. మీటరులో కనిపించేది దాని సెన్సారు ఉన్న చోటి వేడి మాత్రమే. కాగితాన్ని తాకే క్షణంలో జిగురుకు ఎంత వేడి ఉందన్నదే మనకు కావాలి. ఈ రెంటి మధ్యా చాలా పోతుంది. నీది పాత మిషను. ట్యాంకు గోడలకు నల్లటి మాడు కట్టి ఉంటుంది. ఆ మాడు వేడిని జిగురులోకి వెళ్లనివ్వదు. జిగురు గోడ దగ్గర మాడుతూ ఉంటుంది, దాన్ని వెన్నుకు పూసే రోలరు దగ్గర చల్లగా ఉంటుంది. నువ్వు వేడి పెంచేకొద్దీ మాడు మరింత మందమవుతుంది. అందుకే వాసన పెరిగింది కానీ అతుకు పెరగలేదు.

జిగురులో ముంచి చూసే మొన ఉన్న థర్మామీటరు ఒకటి కొను. తుపాకీలా గురిపెట్టి చూసేది మెరిసే రోలరు మీద తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి వేడి పెంచితే మళ్లీ మాడుతుంది. మొనను రోలరు పక్కనున్న జిగురులో ఉంచి, అంకె నిలకడగా ఆగాక రాసుకో. మీటరుకూ దానికీ ఎంత తేడా ఉందో తెలిస్తే నీ సగం తిప్పలు తీరతాయి. వెన్ను మీద జిగురును సమం చేసే చిన్న కడ్డీకి విడిగా వేడి ఉంటే, దాన్ని జిగురు కంటే కొంచెం ఎక్కువలో ఉంచాలి. అది చల్లబడితే జిగురు తీగలు సాగుతూ కవరు మీదా పుస్తకాన్ని పట్టి ఉంచే క్లాంపు మీదా పడుతుంది.

ఇక కాగితం. డిసెంబరులో తెల్లవారుజామున గోదాములోంచి తెచ్చిన ఫారాలు, అంటే అచ్చయి మడత పెట్టిన కాగితాలు, ముట్టుకుంటే చల్లగా తగులుతాయి. లావు గైడు వెన్ను వెడల్పుగా ఉంటుంది, అంత చల్లటి కాగితం జిగురులోని వేడిని తాకిన మరుక్షణమే లాగేస్తుంది. జిగురు పూసిన దగ్గర నుంచి కవరు నొక్కే దాకా ఉన్న కొద్ది సెకండ్లే మన చేతిలో ఉన్న సమయం. ఆలోపు జిగురు మీద పొర కట్టిందంటే తర్వాత ఎంత గట్టిగా నొక్కినా కవరు అతకదు. అందుకని ఫారాలను ముందు రోజే బైండింగు గదిలోకి తెప్పించి పెట్టుకో. ఇంకో సంగతి, నీ దగ్గరికి వచ్చినప్పుడు రోలరుకు ఎదురుగా నిలబెట్టే ఫ్యాను చూశాను. కుర్రాడికి గాలి కావాలి, కాదనను. కానీ ఆ గాలి రోలరు మీదుగా పోకూడదు. ఫ్యానును అతని వెనక పెట్టించు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం పనులు మీద పడకముందే ఈ రెండూ సరిచేసుకో.

వానాకాలంలో మరో ఇబ్బంది వస్తుంది. చెమ్మ పీల్చిన కాగితానికి 170 డిగ్రీల జిగురు తగిలితే లోపలి తేమ ఆవిరై జిగురులో బుడగలు లేస్తాయి. వెన్నును నిలువునా కోసి చూస్తే చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. దానికి మందు కాగితాన్ని పొడిగా దాచుకోవడమే. వేడిని మార్చి లాభం లేదు.

ట్యాంకును చూసుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అలక్ష్యం చేసేది దాన్నే. అరిసెల పాకం ముదిరితే మళ్లీ వెనక్కి రాదు కదా, మాడిన జిగురూ అంతే. లేత పసుపు నుంచి గోధుమ రంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరుగుతుంది, అతుకు బలం పోతుంది. భోజనానికి వెళ్లేటప్పుడు వేడిని 120, 130కి దించి వెళ్లండి. ట్యాంకు అడుగంటే దాకా వాడకు. కొద్దిగా మిగిలిన జిగురు గంటల తరబడి ఉడికి మాడుతుంది. కొత్త గింజలు కూడా సంచి ఎత్తి ఒక్కసారిగా పోయకు, ఉన్న వేడి మొత్తం పడిపోతుంది. పిడికెడు పిడికెడుగా తరచుగా వెయ్యి. కరెంటు పోయి వచ్చాక పైన కరిగినట్టు కనిపించగానే రోలరు తిప్పకు, లోపల గడ్డలుంటాయి. గంట పట్టినా ఆగాలి. ఒక కంపెనీ జిగురు ఉండగా ఇంకో కంపెనీది కలపకు. కొన్ని రకాలు కలిస్తే గడ్డకట్టి రోలరును ఆపేస్తాయి.

మాడు తీయడానికి ట్యాంకును గోరువెచ్చగా ఉంచి చెక్క గరిటెతో గీకించు. ఇనుప ఉలి పెడితే లోపలి పూత పోతుంది, గ్యాసు మంట పెడితే ప్రమాదం.

బైండింగయిన పుస్తకాన్ని వెంటనే కటింగుకు పెట్టకు. లావు పుస్తకం వెన్నులో వేడి చాలాసేపు నిలుస్తుంది. బ్లేడు ఆ మెత్తటి జిగురును లాగి తలవైపూ అడుగువైపూ చింపుతుంది. వెన్ను మీద అరచెయ్యి పెట్టినప్పుడు వెచ్చదనం తెలియకూడదు.

మే నెలలో పాఠ్యపుస్తకాల పని వచ్చినప్పుడు కొనేటప్పుడే మెత్తబడే వేడి ఎక్కువగా ఉన్న జిగురు అడుగు. మన జిల్లాల్లో ఎండ 45 దాకా వెళ్తుంది. టార్పాలిన్ కప్పిన లారీలో ఇంకా ఎక్కువ. ఇ.వి.ఎ. వేడికి మళ్లీ మెత్తబడుతుంది, పూర్తిగా కరగకపోయినా బరువు పడితే వెన్ను వంగుతుంది. కట్టలు కట్టేటప్పుడు వెన్నులు ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టించు.

పి.యు.ఆర్. (పాలియూరథేన్ రకం) జిగురు మిషను కొనాలా అని అడిగావు. అది 120, 140 మధ్యలోనే పూస్తారు. గాలిలోనూ కాగితంలోనూ ఉన్న తేమతో కలిసి గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎండకు మెత్తబడదు. నున్నగా మెరిసే ఆర్టు పేపరుకు దానంత మంచిది లేదు. కానీ పూర్తి బలం రావడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది, ట్యాంకుకు గాలి తగలకూడదు, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి పొగను బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి. నీకు వచ్చేవి ఎక్కువగా మ్యాప్‌లిథో, అంటే మెరుపు పూత లేని మామూలు కాగితం గైడ్లు. ఉన్న మిషనును ముందు దారిలో పెట్టు.

కుర్రాళ్లకు పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేకుండా ట్యాంకు దగ్గరికి పోనివ్వకు. ఈ జిగురు ఒంటి మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. కంగారులో పీకితే చర్మంతో సహా వస్తుంది. పీకకుండా వెంటనే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టి, జిగురు అలాగే ఉండగానే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పేస్టులు, నూనెలు పూయనివ్వకు. ఈ మాట మిషను పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు.

ఊడిన గైడ్లలో రెండు, 190 దగ్గర చేసినది ఒకటి, 160 దగ్గర చేసినది ఒకటి, ఏది ఏదో మీద రాసి బస్సులో పంపు. జిగురు సంచి మీది కాగితాన్ని, ఒక గుప్పెడు గింజలను కూడా అందులో పెట్టు. థర్మామీటరు అంకెలు నాకు ఫోను చేసి చెప్పు. అవి చూశాక మిషను వేగం తగ్గించాలా, పెంచాలా అన్నది తేల్చుకుందాం. అప్పటిదాకా కొత్త ఆర్డరు ఒప్పుకోకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య