చంటిబిడ్డ గుండె ఆపరేషన్‌లో ఒళ్ళు ఎందుకు చల్లబరుస్తారు?

ప్రశ్న: డాక్టరు గారూ, మా చెల్లెలి బాబుకి 9 రోజులు, గుండె నుంచి వచ్చే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారయ్యాయంట, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అందులో బాబు ఒళ్ళు చల్లబరుస్తాం అంటున్నారు. మనం చెవులకి గుడ్డ కట్టి పొత్తిళ్ళలో దాచుకుంటాం కదా, ఏమన్నా అవుతుందేమోనని మా చెల్లి ఏడుస్తోంది. - బాబు పెద్దమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైందే. పసిబిడ్డకి మామూలుగా చలి శత్రువే, మనలా వణికి వేడి పుట్టించుకోలేడు, అందుకే థియేటర్‌లో మేమూ మొదట టోపీ పెట్టి వెచ్చగానే ఉంచుతాం. గుండె ఆపి కుట్లు వేసే ఆ కాసేపు మాత్రం లెక్క వేరు. అప్పుడు రక్తాన్ని తిప్పేది హార్ట్ లంగ్ మెషీన్, దాంట్లోనే రక్తాన్ని చల్లబరుస్తారు. ఒళ్ళు ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ ఆక్సిజన్ అవసరం సుమారు 6, 7 శాతం తగ్గుతుంది, అంటే రక్తం కాస్త తక్కువ అందినా మెదడు తట్టుకుంటుంది.

ఇది నిన్నా మొన్నటి సంగతి కాదు, 1952లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జాన్ లూయిస్ అనే సర్జన్ మెషీనే లేకుండా, ఒట్టి చల్లదనంతోనే 5 ఏళ్ళ పాప గుండెలో రంధ్రం మూసేశారు.

మీ బాబుకి ఆ నాళాలు మార్చి కుట్టే ఆపరేషనే అయితే చాలాచోట్ల 28 నుంచి 32 డిగ్రీలు సరిపోతుంది. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, అదే బృహద్ధమని, దాని వంపు కూడా బాగుచెయ్యాల్సి వస్తే 18, 20 దాకా దించి, తల చుట్టూ ఐస్ పెట్టి, కాసేపు రక్తప్రసరణే ఆపుతారు, అప్పుడు గడియారం మీదే కళ్ళు, అరగంట నలభై నిమిషాలు దాటకూడదని చూస్తాం. ఇప్పుడు చాలామంది ఆ టైములో కూడా మెదడుకి విడిగా రక్తం పంపుతూనే ఉంటున్నారు.

నన్నడిగితే చల్లబరచడం కంటే మళ్ళీ వెచ్చబరచడమే సున్నితమైన పని. తొందరపడితే మెదడు అతిగా వేడెక్కుతుంది, అది దెబ్బ. అందుకని ఒంటి వేడి కొలిచే సన్న తీగ ముక్కులోంచి ఒకటి, మలద్వారంలో ఇంకోటి పెట్టి, రెండు అంకెలూ చూసుకుంటూ మెల్లగా పెంచుతారు, 37 దాటనివ్వరు.

రేపు ఐసీయూలో బాబు పాదాలు చల్లగా తగిలితే మీరే దుప్పటి కప్పెయ్యకండి, వెంటనే సిస్టర్‌కి చెప్పండి, గుండె సరిగ్గా కొట్టట్లేదని అదొక గుర్తు కావచ్చు. అలాగే ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి, ఎన్ని డిగ్రీలకి దించుతారు, ప్రసరణ ఆపుతారా, ఆపితే ఎంతసేపు అని.